‘బాగుంది’ తర్వాత ఏం చెప్పాలి? ఇంట్లో చేసిన చాక్లెట్‌ను రుచి చూసే పద్ధతి

2024లో ఎండు కోకో గింజలు కిలో తొమ్మిది వందల రూపాయలు దాటి పలికాయి. 2025 వచ్చేసరికి ఐదు వందల లోపుకి జారిపోయాయి. కొబ్బరి చెట్ల నీడన అంతరపంటగా కోకో వేసుకున్న కోనసీమ, పశ్చిమ గోదావరి రైతులకి అమ్మాలా, ఆగాలా అన్న సంకటం పట్టుకుంది. మరోవైపు ఇదే గింజతో చేసిన చాక్లెట్ హైదరాబాద్ దుకాణాల్లో గోదావరి పేరు మీదే అమ్ముడవుతోంది. అందుకని నాలుగైదు కిలోల గింజ ఇంట్లో అట్టేపెట్టుకుని, వేయించి, రుబ్బి, సొంతంగా చాక్లెట్ చేసి చూసేవాళ్ళు కొందరు తయారయ్యారు. అమలాపురంలో చేసింది పాలకొల్లుకీ, పాలకొల్లులో చేసింది రావులపాలేనికీ పంపుకుని ‘ఎలా కుదిరిందో చెప్పండి’ అని అడుగుతున్నారు.

చిక్కంతా ఆ చెప్పడంలోనే ఉంది. కాయ కోసిన దగ్గర్నుంచి బార్ అచ్చులోంచి ఊడే వరకూ రెండు మూడు వారాల పని. దానికి తిరిగి వచ్చే మాట చాలాసార్లు ‘బాగుంది, కాస్త చేదు తగ్గిస్తే ఇంకా బాగుంటుంది’ అన్న ఒక్క ముక్కే. ఆ చేదు పులియబెట్టడంలో వచ్చిందా, మూకుడులో వచ్చిందా, అసలది చేదేనా, వగరా? ఏ దశలో ఏది మార్చాలో పట్టిచ్చే ఆచూకీ దొరకనంత కాలం చేసేవాళ్ళు వాయ మీద వాయ గుడ్డిగా మారుస్తూనే ఉంటారు. రుచి చూసి చెప్పడం కూడా చాక్లెట్ చేయడంలాగే నేర్చుకోవలసిన పని.

బార్‌లో ఏముంది: గింజ, పప్పు, 70 శాతం లెక్క

వంద కాయలు కొడితే గుజ్జుతో సహా సుమారు 10 కిలోల పచ్చి గింజ వస్తుంది. పులిసి ఎండేసరికి అది మూడున్నర, నాలుగు కిలోలకి దిగుతుంది. వేయించి, చేటలో పొట్టు చెరిగేస్తే మిగిలే పప్పు మూడు కిలోల లోపే. ఈ పప్పునే నిబ్స్ అంటారు. అందులో దాదాపు సగం కొవ్వు, అంటే కోకో బటర్. గ్రైండర్లో పప్పు నీళ్ళు చుక్క కూడా లేకుండా జారుగా నలగడానికి కారణం ఈ కొవ్వే.

ఇక శాతాల సంగతి. ‘70 శాతం’ అంటే బార్‌లో నూటికి 70 పాళ్ళు కోకో నుంచి వచ్చినవని అర్థం. పప్పు, విడిగా కలిపిన కోకో బటర్, రెండూ ఆ లెక్కలోకే వస్తాయి. ఒకరు 700 గ్రాముల పప్పుకి 300 గ్రాముల పంచదార వేశారనుకుందాం. ఇంకొకరు 600 గ్రాముల పప్పు, 100 గ్రాముల కోకో బటర్, 300 గ్రాముల పంచదార కలిపారు. రెండూ 70 శాతమే. కానీ కొవ్వు కాని కోకో పదార్థం మొదటిదాంట్లో సుమారు 350 గ్రాములు, రెండోదాంట్లో 300. చేదునీ వగరునీ మోసేది ఆ భాగమే కాబట్టి రెండో బార్‌లో అవి తక్కువగా తెలుస్తాయి. ‘మీ 70 కంటే వాళ్ళ 70 నయం’ అనే ముందు ఈ లెక్క అడిగి తెలుసుకోవాలి. అసలు పంపేవాళ్ళే దీన్ని బార్‌తోపాటు పెట్టే చీటీ మీద రాసి ఇవ్వడం ధర్మం.

పులియబెట్టే పెట్టెలోనే సగం రుచి తేలిపోతుంది

పచ్చి కోకో గింజని కొరికితే చాక్లెట్ జాడే ఉండదు, నోరంతా వగరు పట్టేస్తుంది. చాక్లెట్ రుచికి కావలసిన ముడిసరుకు గింజలో తయారయ్యేది పులియబెట్టినప్పుడే. మొదటి ఒకటి రెండు రోజులు గుజ్జులోని చక్కెరని ఈస్ట్ తినేసి సారాయి చేస్తుంది. దాంతోపాటే లాక్టిక్ ఆసిడ్ చేసే బాక్టీరియా పుంజుకుంటుంది. గుజ్జు కారిపోయి, గింజల మధ్యకి గాలి దూరాక ఎసిటిక్ బాక్టీరియా ఆ సారాయిని వెనిగర్‌గా మారుస్తుంది. కుప్పలో వేడి పుట్టేది ప్రధానంగా ఈ దశలోనే: మూడో రోజుకి 45 డిగ్రీలు దాటాలి, 50 దాకా వెళ్ళవచ్చు. ఆ వేడికీ ఆమ్లానికీ గింజలోని మొలక చచ్చిపోతుంది, లోపలి కణాలు పగిలి ఒకదాని రసం ఒకదానితో కలుస్తుంది. వగరు తగ్గి, రుచికి పునాది పడేది అప్పుడే. మొత్తం 5 నుంచి 7 రోజులు. 48 గంటలకి ఒకసారి, ఆ తర్వాత రోజుకోసారో రెండు రోజులకోసారో తిరగెయ్యాలి.

ఇంటి వాయకి వచ్చే మొదటి ఇబ్బంది పరిమాణం. పది కిలోల పచ్చి గింజకి సొంతంగా వేడి నిలుపుకునే శక్తి లేదు. గోతాంలో కట్టి మూలన పెడితే 35, 36 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. అందుకే థర్మోకోల్ పెట్టె వాడతారు. అడుగున రసం కారడానికి కన్నాలు పెట్టి, లోపల అరటాకులు పరిచి, పైన ఆకులూ గోనెపట్టా కప్పుతారు. పెట్టె మాత్రం కొత్తదే కావాలి. మన వైపు రొయ్యలకీ చేపలకీ వాడిన పెట్టెలు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి. ఎంత కడిగినా వాటి నీచు వదలదు, కోకో కొవ్వు ఆ వాసనని ఇట్టే పీల్చేసుకుంటుంది.

ఎలా పులిసిందో తెలుసుకోవడానికి ఎండిన గింజలు యాభై తీసుకుని నిలువునా కోసి చూడాలి. లోపల గోధుమరంగులో పగుళ్ళు కనిపిస్తే బాగా పులిసినట్టు. ఊదారంగు ఉంటే సగంలో ఆగినట్టు. పలకరాయి రంగులో, గట్టిగా, పగుళ్ళు లేకుండా ఉంటే పులియనే లేదు. యాభైలో ఇరవై ఊదారంగువైతే ఆ బార్ వగరుగా ఉంటుందని తినకుండానే చెప్పొచ్చు. ఈ లెక్క కూడా చీటీ మీదకి ఎక్కాలి.

ఎండ, మూకుడు, గ్రైండర్: ఏ పొరపాటు ఎలా బయటపడుతుంది

ఎండబెట్టి గింజలో తేమని 6, 7 శాతానికి దింపాలి. 8 దాటితే బూజు పట్టే ప్రమాదం. ఏప్రిల్ ఎండలో డాబా మీద పోస్తే తొందరగా అయిపోతుందనిపిస్తుంది. అదే తప్పు. కాలే సిమెంటు మీద పైపొట్టు ముందే గట్టిపడిపోయి, లోపలి వెనిగర్ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. మొదటి రెండు రోజులు వెదురు తట్టల మీద కాస్త మందంగా పోసి, కలుపుతూ, మధ్యాహ్నం నీడకి లాగితే పులుపు దిగుతుంది. ముసురు పట్టినప్పుడు దీనికి తలకిందులు: ఆరడం ఆలస్యమై ముక్కిన వాసన వస్తుంది. పొయ్యి దగ్గర పెట్టి ఆరబెట్టినవి పొగచూరతాయి, ఆ పొగ వాసన ఆఖరి దాకా వదలదు.

వేయించడానికి ఓవెన్ అయితే 120 నుంచి 140 డిగ్రీల మధ్య 20, 30 నిమిషాలు. మూకుడులో అయితే సన్నసెగ మీద గరిటె ఆగకుండా కలపాలి. గింజలన్నీ ఒకే సైజువి ఏరుకోకపోతే చిన్నవి మాడేసరికి పెద్దవి పచ్చిగా ఉంటాయి, ఒకే బార్‌లో మాడు, పచ్చి రెండూ తగులుతాయి. వేయించడానికి ఇంకో ప్రయోజనం కూడా ఉంది. పులియబెట్టి, ఆరుబయట ఎండబెట్టిన గింజ మీద ఉండే క్రిములు చావాలంటే ఈ వేడి కావాలి. అందుకే పచ్చి గింజ పోసిన తట్టలు, వేయించిన పప్పు పోసే పళ్ళాలు వేరువేరుగా పెట్టుకోవాలి.

రుబ్బడానికి కోయంబత్తూరు తరహా రాతి గ్రైండరే. ప్రపంచంలో చిన్న స్థాయి చాక్లెట్ తయారీదారులు చాలామంది ఇడ్లీపిండి గ్రైండర్ నుంచి పుట్టిన ఈ యంత్రాలనే వాడుతున్నారు. 24 నుంచి 72 గంటలు తిప్పితే రేణువు 20, 30 మైక్రాన్లకి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దిగుతుంది. అంతకన్నా పెద్దదైతే నాలుకకి రవ్వలా తగులుతుంది. మామూలు వంటింటి గ్రైండర్ మోటారు అన్ని గంటలు ఏకబిగిన తిరగడానికి చేసింది కాదు, వేడెక్కి ఆగిపోతుంది. అదే గ్రైండర్లో ముందురోజు మినప్పిండి రుబ్బి, రాళ్ళు పూర్తిగా ఆరకుండానే పప్పు వేస్తే ఇంకో ప్రమాదం: చెమ్మ తగిలిన చాక్లెట్ ముద్దకట్టి బిగుసుకుపోతుంది.

చివరిది టెంపరింగ్, అంటే చాక్లెట్‌ని ఒక క్రమంలో కరిగించి, చల్లార్చి, సరైన స్ఫటికాలు కట్టేలా చేయడం. కోకో బటర్ ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకట్టగలదు. మనకి కావలసింది 34 డిగ్రీల దగ్గర కరిగే ఐదో రకం ఒక్కటే. చేతిలో గట్టిగా ఉండి నోట్లో కరిగేది అదే. డార్క్ చాక్లెట్‌ని 45, 50 డిగ్రీలకి కరిగించి, 27, 28కి దింపి, మళ్ళీ 31, 32కి తెచ్చి అచ్చుల్లో పోస్తారు. మే నెలలో మన గదుల వేడి ఒక్కోసారి 40 దాటుతుంది. ఏసీ లేకుండా అప్పుడు టెంపరింగ్ కుదరనే కుదరదు. ఈ పనికి గది 20 డిగ్రీల చుట్టూ ఉండాలి.

రుచి చూసే ముందు: వేళ, గది, నీళ్ళు

ఆవకాయ అన్నం తిన్న నోటితోనో, కాఫీ తాగిన వెంటనేనో, కిళ్ళీ వేసుకున్న అరగంటకో చూసిన రుచికి విలువ లేదు. ఉదయం పది, పదకొండు గంటల వేళ మంచిది. ఒక్కో విడతలో నాలుగు రకాలు చాలు, ఆరు మించితే నాలుక వగరుతో మొద్దుబారుతుంది. తక్కువ శాతం బార్ ముందు, ఎక్కువది తర్వాత. మధ్యలో చల్లని నీళ్ళు తాగకూడదు: నాలుకకి అంటిన కోకో బటర్ చల్లదనానికి గడ్డకట్టి పొరలా మిగిలిపోతుంది. గోరువెచ్చని నీళ్ళు దాన్ని కరిగించి తీసుకుపోతాయి. ఉప్పు లేని మరమరాలు నాలుగు నమిలినా సరిపోతుంది.

ముక్క 5 నుంచి 8 గ్రాములు. ముందు విరిచి వినాలి: బాగా టెంపర్ అయినది టక్కుమంటుంది. ఈ పరీక్ష గది 25 డిగ్రీల లోపు ఉన్నప్పుడే పెట్టాలి, 33 డిగ్రీల గదిలో ఎంత మంచి బారైనా వంగిపోతుంది. తర్వాత విరిగిన అంచుని వాసన చూడాలి. ఆ తర్వాత నమలకుండా నాలుక మీద కరగనివ్వాలి. మొదట తగిలింది, మధ్యలో వచ్చింది, మింగిన నిమిషానికి మిగిలింది, మూడూ విడివిడిగా రాసుకోవాలి. పచ్చి వాసన ఎక్కువగా మొదట్లో దొరుకుతుంది, వగరు చివర్లో.

అందరూ ఒక్కచోట కూర్చుని చూస్తుంటే, ఎవరి కాగితం మీద వాళ్ళు రాసుకోవడం అయ్యే వరకూ ఎవరూ నోరు విప్పకూడదు. ఇది చిన్న నియమంలా ఉంటుంది గానీ అన్నిటికన్నా ముఖ్యం. ఇంటి పెద్దాయన ‘కొంచెం మాడిందర్రా’ అన్నారంటే ఆ తర్వాత అందరికీ మాడు వాసనే వస్తుంది.

చేదు వేరు, వగరు వేరు. పులుపులో రెండు రకాలు

రుచి చూసినవాళ్ళు తిరిగి రాసే చీటీల్లో పొరపాట్లు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. చేదు నాలుక మీది రుచి. వగరు రుచి కన్నా స్పర్శకి దగ్గర: బుగ్గల లోపలి తడి ఆరిపోయి, నాలుక అంగిలికి గరుగ్గా తగులుతుంది. తేడా పట్టుబడాలంటే ఒకరోజు పచ్చి అరటికాయ చిన్న ముక్క కొరికి చూడండి, కాసేపాగి పాలూ పంచదారా లేని కాఫీ ఒక గుక్క తాగండి. మొదటిది వగరుకి కొలత, రెండోది చేదుకి. చాక్లెట్‌లో వగరు ఎక్కువైతే పులియబెట్టడం చాలలేదని అనుమానించాలి. చేదు ఎక్కువై, దానితోపాటు బూడిద వాసనో మాడు వాసనో ఉంటే మూకుడు దగ్గర వెతకాలి. కొంత చేదు కోకో సహజ గుణమే, గింజలోని చేదు పదార్థం థియోబ్రోమిన్‌ది. దాన్ని తప్పు కింద రాయకూడదు.

పులుపు ఇంకా చిక్కైనది. వెనిగర్ పులుపు ముక్కుని కూడా పొడుస్తుంది, విరిచిన అంచు దగ్గరే తెలిసిపోతుంది. ఇది ఆవిరయ్యే రకం కాబట్టి కాస్త ఎక్కువ వేయించినా, గ్రైండర్ మూత తీసి మరికొన్ని గంటలు తిప్పినా చాలావరకు పోతుంది. పుల్లమజ్జిగ తేటలాంటి పులుపు లాక్టిక్ ఆసిడ్‌ది. వాసన ఉండదు, నాలుకకే తెలుస్తుంది. అది ఆవిరి కాదు. చీటీ మీద ఉత్త ‘పుల్లగా ఉంది’ అని రాస్తే చేసేవాళ్ళు ఇంకో 24 గంటలు గ్రైండర్ తిప్పుతారు. లాక్టిక్ పులుపైతే ఆ కరెంటంతా వృథా. దానికి మందు పై ఏడాది పులియబెట్టే పెట్టెలోనే ఉంది: ముందే ఓసారి తిరగేసి గాలి తగలనివ్వడం. ముక్కు మూసుకుని ఒకసారి, తెరిచి ఒకసారి చూస్తే ఈ రెంటి తేడా అర నిమిషంలో తేలుతుంది.

మిగతా వాసనల దారులు కాస్త సూటిగానే ఉంటాయి. కుళ్ళు, అమోనియా వాసన వస్తే ఏడు రోజులు దాటి పులిసిందని. ముక్కిన వాసన ఆరుదల ఆలస్యమవడం వల్ల. గోతాం వాసన, కిరసనాయిల వాసన గింజని దాచిన చోటు నుంచి. పాత కొబ్బరినూనె వాసన వస్తే తప్పకుండా అడగాలి. కోకో బటర్ ఖరీదని కొందరు కొబ్బరినూనె కలుపుతారు. ఈ రెండు కొవ్వులూ కలిస్తే కోకో బటర్ ఒక్కటే ఉన్నప్పటికన్నా తక్కువ వేడికే మెత్తబడతాయి, బార్ టక్కుమని విరగదు, త్వరగా తెల్లబడుతుంది కూడా.

తెల్లమచ్చలు చూసి తొందరపడకూడదు

బార్ మీద బూడిదలాంటి పూత కనిపించగానే ‘బూజు’ అనేస్తారు. చాలాసార్లు అది బ్లూమ్. ఇందులో రెండు రకాలు. వేడికి కరిగి మళ్ళీ గడ్డకట్టినప్పుడు కొవ్వు పైకి తేలి ఏర్పడేది ఒకటి: వేలితో రుద్దితే నున్నగా, జిడ్డుగా కరిగిపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే విప్పితే మీద నీరు పట్టి, ఆ నీటిలో పంచదార కరిగి, ఆరాక మిగిలేది రెండోది: గరుగ్గా ఉంటుంది, రుద్దినా పోదు. రెండూ తినడానికి ఇబ్బంది లేనివే. నూలుపోగుల్లా లేచి, ముక్కిన వాసన వేస్తేనే బూజు. దాన్ని పారెయ్యాలి.

మధ్యాహ్నపు బస్సులో అమలాపురం నుంచి భీమవరం వెళ్ళిన బార్ దారిలోనే కరిగి గడ్డకట్టి ఉండొచ్చు. అది టెంపరింగ్ తప్పా, ప్రయాణం తప్పా? తేల్చడానికి సులువైన ఉపాయం: పంపిన అచ్చులోదే ఇంకో బార్ ఇంటి దగ్గర ఉంచుకోవడం. ఇంట్లోది నిగనిగలాడుతూ, వెళ్ళింది తెల్లబడితే టెంపరింగ్‌ని అనవసరంగా తిట్టుకోనక్కర్లేదు. ఇచ్చిపుచ్చుకోవడాలు నవంబరు, ఫిబ్రవరి నెలల మధ్య పెట్టుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. వేసవిలో అయితే రేకు చుట్టి, జిప్ కవరులో పెట్టి, గాలి చొరని డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో ఉంచాలి. బయటికి తీశాక డబ్బా చల్లదనం పూర్తిగా పోయే దాకా మూత తియ్యకూడదు. చేపల పులుసు గిన్నె పక్కన విప్పి పెట్టిన బార్‌కి మర్నాటికే ఆ వాసన పడుతుంది.

బెల్లం బార్ మీద మూడు చీటీలు

ఒక ఉదాహరణ తీసుకుందాం. 70 శాతం పప్పు, 30 శాతం బెల్లంతో చేసిన బార్ ముగ్గురికి వెళ్ళింది. ‘రవ్వరవ్వగా ఉంది’ అని ఒకరు, ‘పుల్లగా ఉంది’ అని ఒకరు, ‘కోకో తెలియట్లేదు, తీపి వంటకంలా ఉంది’ అని ఇంకొకరు రాశారు. మూడూ నిజమే కావచ్చు, కానీ దేనివల్లా చేసేవాళ్ళకి దారి కనిపించదు.

ఇప్పుడు అదే చీటీ వివరంగా రాస్తే ఇలా ఉంటుంది: ‘వదినా, విరిచినప్పుడు శబ్దం రాలేదు, అంచు మెత్తగా ఉంది. వాసనలో ముందు బెల్లంపాకం, తర్వాత కోకో. కరుగుతున్నప్పుడు నాలుకకి చిన్న చిన్న ముద్దలు తగిలాయి, నొక్కితే కరిగిపోయాయి. పులుపు మధ్యలో వచ్చింది, ముక్కుకి తెలియలేదు. మింగాక వగరు పెద్దగా లేదు. బెల్లంలో చెమ్మ ఉండిపోయిందేమోనని నా అనుమానం, మీరు ఆరబెట్టే కలిపారా?’

చూసిందంతా ముందు, ఊహించింది చివర్న, అదీ ప్రశ్నగా. నొక్కితే కరిగే ముద్దలన్న మాటే కీలకం: రేణువు పెద్దదై ఉంటే నొక్కినా కరగదు, ఇసుకలా ఉంటుంది. బెల్లం సహజంగా తేమని పట్టుకునే సరుకు. తురిమి 50, 60 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు ఆరబెట్టి, పొడి చేసి, అప్పుడే గ్రైండర్లో వెయ్యాలి. చెమ్మతో వేస్తే ముద్దకడుతుంది. పులుపుకీ బెల్లమే కారణం కావచ్చు, పాతబడిన బెల్లానికి పులుపు ఉంటుంది. అది తేలాలంటే అదే పప్పుని సగం పంచదారతో, సగం బెల్లంతో చేసి పక్కపక్కన పెట్టి చూడాలి.

చెప్పి పెట్టాలా, దాచి పెట్టాలా? మార్కులు వెయ్యాలా?

దీనిమీద రెండు వాదాలున్నాయి, రెండింటిలోనూ పస ఉంది. ఎవరు చేశారో, ఏం కలిపారో తెలియకుండా పెడితేనే నిజం బయటికొస్తుందని ఒక పక్షం. మేనత్త చేసిందని తెలిశాక వగరు అని ఎవరు రాస్తారు? 482, 917 వంటి మూడంకెల గుర్తులు వేసి పెట్టడం అందుకే. రెండో పక్షం అంటారు: చేసినవాళ్ళ ఉద్దేశం తెలియకుండా తప్పొప్పులు చెప్పడం అన్యాయం. కావాలని తేలిగ్గా వేయించి పండ్ల పులుపు నిలుపుకున్న బార్‌ని ‘పచ్చిగా ఉంది’ అని కొట్టిపారేస్తే ఎలా? ఆచరణలో రెండింటినీ కలపొచ్చు. మొదటి చుట్టు దాచి పెట్టి రాయించడం, తర్వాత చీటీ విప్పి, అదే కాగితం మీద వేరే రంగు సిరాతో రెండో మాట రాయించడం. పాత మాట కొట్టెయ్యకూడదు. రెండింటి మధ్య తేడాయే చేసినవాళ్ళకి బాగా పనికొస్తుంది.

మార్కుల విషయంలో విదేశాల్లో ఇళ్ళలో బీరు కాచుకునేవాళ్ళ అనుభవం చూడదగ్గది. ఒకరి సీసాలు ఒకరికి పంపుకుని రుచి చెప్పుకునే అలవాటు వాళ్ళకి ఎప్పటినుంచో ఉంది. అమెరికాలో 1985లో మొదలైన బీజేసీపీ అనే న్యాయనిర్ణేతల సంస్థ 50 మార్కుల పత్రం వాడుతుంది: వాసనకి 12, చూపుకి 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకి 5, మొత్తం మీద అభిప్రాయానికి 10. చూపుకి మూడే మార్కులని గమనించండి. మనవాళ్ళు బార్ మీద తెల్లపూత చూసి సగం మార్కులు కోసేస్తారు. అంకెల వల్ల మేలేమిటంటే పోయిన వాయకీ ఈ వాయకీ పోలిక దొరుకుతుంది. కీడేమిటంటే అంకె వేశాక మాట రాయబుద్ధి కాదు. 50కి 34 వచ్చిందని తెలిస్తే ఏం మార్చాలో తెలియదు. పోటీకి అంకెలు కావాలి. నలుగురు అభిమానులు నేర్చుకోవడానికి మాటలే మేలని ఈ వ్యాసం అభిప్రాయం. ఒక్క అంకె తప్పదనుకుంటే ‘ఈ బార్ ఇంకో ముక్క తింటారా’ అన్నదానికి 1 నుంచి 5 వరకూ వేయించండి.

నిజంగా తేడా ఉందా, అనుకుంటున్నామా: మూడు ముక్కల పరీక్ష

వేయించే సమయం 25 నిమిషాల నుంచి 20కి తగ్గించారు. ‘ఇప్పుడు చాలా మెరుగు’ అంటారు అందరూ. మార్చారని తెలిసినవాళ్ళ మాట అది. దీన్ని తేల్చడానికి ఒక్కొక్కరికీ మూడు ముక్కలు ఇస్తారు: రెండు ఒకే వాయవి, ఒకటి రెండో వాయది. వేరేది ఏదో పట్టుకోవాలి. ఉత్త ఊహతో చెప్పినా ముగ్గురిలో ఒకరికి సరిపోతుంది. కాబట్టి ఆరుగురిలో ఇద్దరు పట్టుకుంటే అర్థమేమీ లేదు. నలుగురో అంతకన్నా ఎక్కువమందో పట్టుకునే అవకాశం ఊహతో చెప్పినా 10 శాతం ఉంది. ఐదుగురు పట్టుకుంటే అది 2 శాతం లోపుకి దిగుతుంది, అప్పుడు తేడా ఉందని నమ్మొచ్చు. ఎక్కువ వేయించింది రంగు ముదురుగా ఉంటే కళ్ళు మూసుకునే తినాలి, మూడు ముక్కలూ ఒకే వేడిలో ఉండాలి. తేడా ఉందని తేలాక మాత్రమే ఏది నచ్చిందని అడగాలి.

చీటీలు ఒకదానికొకటి పొసగనప్పుడు

ఒకరు వగరన్నారు, ఒకరు మాడన్నారు, ఒకరు ఏ లోపమూ లేదన్నారు. నాలుకలు అందరివీ ఒక్కలా ఉండవు. చేదు కొందరికి మరీ పదునుగా తగులుతుంది, కొందరికి దాదాపు తెలియదు. అందువల్ల ఒక్కరే చెప్పినదాన్ని రాసిపెట్టుకుని ఆగాలి, ఇద్దరు విడివిడిగా ఒకే మాట అంటే వెతకడం మొదలుపెట్టాలి. వెతికేది కూడా ఖర్చు లేని చోటి నుంచి. వగరన్న మాటకి ముందు మిగిలిన గింజలు యాభై కోసి చూడాలి. అవి గోధుమరంగులో ఉంటే పులియబెట్టడం మీద అనుమానం తీసేయొచ్చు. మాడన్న మాటకి గింజ సైజుల తేడా చూడాలి, వేయించిన గింజలు కొన్ని చిదిమి లోపలి రంగు పోల్చాలి. ఆ తర్వాతే కొత్త వాయ, అందులో మార్చేది ఒక్కటే. వేడీ తగ్గించి, సమయమూ తగ్గించి, పంచదారా పెంచితే ఏది పనిచేసిందో ఎవరూ చెప్పలేరు.

పంపే చీటీ మీద కనీసం ఇవి ఉంటే ఈ పనంతా సులువవుతుంది: గింజ ఏ ఊరిది, ఏ నెలలో కోసింది, ఎన్ని రోజులు పులిసింది, వేయించిన వేడీ నిమిషాలూ, రుబ్బిన గంటలు, కలిపినవన్నీ గ్రాముల్లో, అచ్చు పోసిన తేదీ. జీడిపప్పో వేరుశెనగో అదే గ్రైండర్లో ఎప్పుడైనా పడి ఉంటే అది కూడా రాయాలి, పడనివాళ్ళకి ప్రాణం మీదకి వస్తుంది. డబ్బుకి అమ్మడం మొదలుపెడితే కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర నమోదు, ప్యాకెట్ మీద నిబంధనల ప్రకారం వివరాలు తప్పనిసరి. ఇచ్చిపుచ్చుకునే బార్‌కైతే ఈ చీటీ చాలు. దాని వెనక వైపు ఖాళీగా వదిలి పంపితే, చూసినవాళ్ళు తమ మాట అక్కడే రాసి తిరిగి పంపుతారు. చేసినదీ చెప్పినదీ ఒకే కాగితం మీద ఉంటే పై ఏడాది కాయ కోతల నాటికి తీసి చూసుకోవచ్చు.